మేయరును ఎలా ఎన్నుకోవాలన్నది రెండో ప్రశ్న

సంపాదకులకు నమస్కారం.

అమెరికా నగరాల మేయరు ఎన్నికల గురించి మన తెలుగు పత్రికలు రాస్తున్న తీరు మీద, దాన్ని చదివినప్పుడల్లా మా చెన్నై గురించి నాకు కలిగే ఆలోచన మీద ఈ ఉత్తరం రాస్తున్నాను. అక్కడ ఏ పెద్ద నగరంలో మేయరు ఎన్నిక వచ్చినా మనవాళ్లు మొదట వెతికేది పోటీలో భారతీయ మూలాలున్నవారు, అందులోనూ తెలుగువారు, ఎవరైనా ఉన్నారా అని. ఉంటే వారి తాతగారి ఊరి దాకా వెళ్లి వస్తారు. లేకపోతే గెలిచినవారి ఫొటో, దాని కింద నాలుగు వాక్యాలు. మనవాళ్లన్న అభిమానాన్ని నేను తప్పుపట్టను. కాని ఆ ఎన్నికలో ఓటర్లు అభ్యర్థులను ఏమడిగారు, వాళ్లు దేనికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది అన్నది వదిలేస్తే, ఇక్కడ కార్పొరేషను పన్ను కట్టి బతుకుతున్న మాబోటివారికి పనికొచ్చే సంగతే వార్తలోంచి జారిపోతోంది.

పదవిలో ఉన్న మేయరే మళ్లీ నిలబడితే ఆ ఎన్నిక చాలావరకు ఆయన మీద తీర్పుగా సాగుతుంది. ఆయన తప్పుకుని కుర్చీ ఖాళీ అయినప్పుడు సంగతి వేరు. నిందించడానికి ఎదురుగా మనిషి ఉండడు, ఆ కుర్చీలో కూర్చుని చేశామని చెప్పుకోవడానికి ఎవరికీ పని ఉండదు. కాబట్టి బరిలో దిగిన ప్రతివారూ నగరం ఖజానా గురించి, పోలీసుల గురించి, బడుల గురించి రేపు తామేం చేస్తారో నోరు విప్పి చెప్పక తప్పదు. 1893లో వివేకానందులవారు ప్రసంగించిన నగరంగా మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన షికాగో, ఎనిమిదేళ్ల తేడాతో 2011లోనూ 2019లోనూ ఇలాంటి ఎన్నికలను రెండింటిని చూసింది.

మొదటిదాని కథ 2010 సెప్టెంబరు 7న మొదలైంది. 1989 నుంచి మేయరుగా ఉన్న రిచర్డ్ ఎం. డేలీ ఇక పోటీ చేయనని ఆ రోజు ప్రకటించారు. ఆయన తండ్రి రిచర్డ్ జె. డేలీ కూడా 1955 నుంచి 1976లో కన్నుమూసే దాకా అదే కుర్చీలో ఉన్నారు. అంటే 56 ఏళ్లలో 40 ఏళ్లకు పైగా ఆ నగరాన్ని తండ్రీకొడుకులే ఏలారన్నమాట. వారసత్వ రాజకీయం మన దేశానికే సొంతమని వాపోయేవారికి ఈ లెక్క కొంత ఊరట కావచ్చు. కొడుకు పాలన చివరి రోజుల్లో, 2008 డిసెంబరులో, నగరంలోని సుమారు 36 వేల పార్కింగ్ మీటర్లను 115 కోట్ల డాలర్లకు ఏకంగా 75 ఏళ్ల పాటు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. కౌన్సిలు దాన్ని ముందుపెట్టుకుని చర్చించింది కొద్ది రోజులే. నగరానికి రావలసినదానికన్నా చాలా తక్కువ వచ్చిందని మరుసటి ఏడాది ఆ నగరపు తనిఖీ అధికారే లెక్కగట్టి చెప్పారు. డబ్బు త్వరలోనే ఖర్చయిపోయింది, మీటరు రేట్లు పెరిగాయి, ఒప్పందం మాత్రం ఇప్పుడు పుట్టిన పిల్లలు ముసలివాళ్లయ్యే దాకా నడుస్తుంది. పాత మేయరు వెళ్లిపోయాక ఈ బరువు ఎవరి నెత్తిన పడుతుందన్నది అక్కడి ఓటరుకు ఊహాజనితమైన ప్రశ్న కాదు. కారు ఆపిన ప్రతిసారీ జేబుకు తగిలే ప్రశ్న.

ఆ ఎన్నికలో గెలిచిన రామ్ ఇమాన్యుయేల్ సంగతిలో ఒక ముచ్చట ఉంది. ఆయన అధ్యక్షుడు ఒబామా దగ్గర శ్వేతసౌధంలో ప్రధానాధికారిగా పనిచేస్తూ, వాషింగ్టన్ వెళ్లేటప్పుడు షికాగోలోని సొంత ఇంటిని అద్దెకిచ్చారు. మేయరు పదవికి పోటీ చేయాలంటే ఎన్నికకు ముందు ఏడాది పాటు ఆ నగర నివాసి అయి ఉండాలన్నది అక్కడి చట్టం. తిరిగి వచ్చేసరికి అద్దెకున్నాయన ఇల్లు ఖాళీ చేయనన్నాడు; పైగా తనే మేయరు పదవికి నామినేషను వేసి, కొన్నాళ్లకు ఉపసంహరించుకున్నాడు. ఇంటి కింది గదిలో పెట్టెల్లో దాచి వెళ్లిన సామాన్లు, వాటిలో భార్య పెళ్లి గౌను, ఆయన నగరాన్ని వదిలిపోలేదనడానికి సాక్ష్యంగా విచారణలో చర్చకు వచ్చాయి. 2011 జనవరి 24న అప్పీలు కోర్టు ఆయన పేరును బ్యాలెట్ నుంచి తీసేయమంటే, మూడు రోజులకు ఇలినాయి రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఫిబ్రవరి 22న ఆయన 55 శాతం ఓట్లతో తొలి విడతలోనే గెలిచారు. అద్దె ఇంటి తగాదాలు మనకూ కొత్త కాదు గాని, మేయరు కాదలచిన మనిషి నిజంగా ఈ ఊరివాడేనా అని నగరమంతా నెలల తరబడి వాదించుకోవడం మాత్రం మనం ఎరగని సంగతి.

రెండోసారి, 2018 సెప్టెంబరులో ఇమాన్యుయేల్ తానూ తప్పుకున్నాక, పోటీ మరింత ముమ్మరంగా సాగింది. 2019 ఫిబ్రవరి 26న బ్యాలెట్ మీద 14 పేర్లు నిలిచాయి. అక్కడ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు. పోటీకి 12,500 మంది ఓటర్ల సంతకాలు తేవాలి, ఎదుటివారు ఆ సంతకాలను ఒక్కొక్కటిగా సవాలు చేయవచ్చు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోలింగు పెడతారు. లోరీ లైట్‌ఫుట్‌కు తొలి విడతలో దక్కినవి 18 శాతం లోపే. ఎక్కువ ఓట్లు వస్తే గెలిచినట్టే అనే మన పద్ధతి అయితే ఆ కాసిన్ని ఓట్లతోనే ఆమె మేయరయ్యేవారు, మిగిలిన 82 శాతం నోరు మూసుకునేది. ఏప్రిల్ 2న జరిగిన రెండో విడతలో ఆమె సుమారు 74 శాతంతో, నగరంలోని 50 వార్డుల్లోనూ ఆధిక్యంతో గెలిచి, ఆ పదవికి ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ అయ్యారు. తొలి విడతకు ముందు గాలి ఆమె వైపు తిరగడానికి ఒక వార్డు సభ్యుడి కేసు ముఖ్య కారణం. 1969 నుంచి కౌన్సిలులో పాతుకుపోయి, ఆర్థిక సంఘాన్ని గుప్పిట్లో పెట్టుకున్న ఎడ్ బర్క్ మీద 2019 జనవరిలో బలవంతపు వసూలు ప్రయత్నం కేసు పడింది. తన వార్డులో ఒక రెస్టారెంటు మరమ్మతుకు అనుమతి కావాలంటే ఆస్తిపన్ను వ్యాజ్యాల పని తన న్యాయ సంస్థకు ఇవ్వాలని ఒత్తిడి పెట్టారన్నది ఆరోపణ. 2023 డిసెంబరులో ఆయన దోషిగా తేలారు. ఇల్లు కట్టుకునేవాడు ప్లాను ఆమోదానికి ఎవరెవరి చేయి తడపాలో లెక్క వేసుకునే మన నగరాల్లో ఈ కథకు వ్యాఖ్యానం అక్కర్లేదు. తేడా ఎక్కడంటే, ప్రధాన పోటీదారుల్లో చాలామందికి బర్క్‌తో పాత పరిచయాలుండటంతో, ఆ పరిచయం ఏమిటో వారంతా బహిరంగ వేదికల మీద వివరించుకోవలసి వచ్చింది.

వాళ్లను ఇన్ని అడగగలగడానికి కారణం అక్కడి జనం మనకంటే చైతన్యవంతులు కావడం అనుకుంటే పొరపాటు. 2019లో రెండు విడతల్లోనూ ఓటేసినవారు ముగ్గురిలో ఒకరు మాత్రమే. 2022 చెన్నై కార్పొరేషను ఎన్నికల్లో పోలింగు సగానికి తక్కువని మనం తిట్టుకున్నా అంతకన్నా నయమే. అసలు కారణం ఆ పదవి చేతిలో ఉన్న పనులు. షికాగోలో పోలీసు అధిపతిని ఎంపిక చేసేది మేయరు. 1995 నుంచి బడుల బోర్డును నియమిస్తూ వచ్చింది మేయరు; ఆ బోర్డు 2013లో ఒక్క ఏడాదిలో 50 దాకా బడులు మూసేస్తే ఆ కోపం మేయరుకే తగిలింది, చివరికి 2024 నుంచి బోర్డుకే దశలవారీగా ఎన్నికలు పెట్టారు. మంచినీరు నగరానిదే, ఓహేర్ విమానాశ్రయం నగరానిదే, బస్సులూ రైళ్లూ నడిపే సంస్థ బోర్డులో ఎక్కువమందిని నియమిస్తూ వచ్చిందీ మేయరే. చట్టం ప్రకారం చూస్తే అక్కడ కౌన్సిలుదే పైచేయి కావాలి. ఆచరణలో బడ్జెట్టు, నియామకాలు మేయరు చేతిలో ఉండటం వల్ల పెత్తనం అటు చేరింది.

అందువల్లే అక్కడ మంచు కూడా మేయరును దించగలిగింది. 1979 జనవరి మధ్యలో షికాగో మీద రెండు రోజుల్లో ఇరవై అంగుళాల దాకా మంచు పడింది. అప్పటికే పేరుకుపోయి ఉన్నది వేరే. వీధులు తెరుచుకోలేదు, చెత్త కదల్లేదు, రైళ్లను వేగంగా నడపాలని నల్లజాతివారు ఉండే పేటల స్టేషన్లలో ఆపకుండా పోనిచ్చారు. మేయరు మైకేల్ బిలాండిక్ అంతా సవ్యంగానే ఉందన్నట్టు మాట్లాడారు. అప్పట్లో అక్కడ ఎన్నికలు పార్టీల వారీగానే జరిగేవి. ఫిబ్రవరి చివరన, పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటర్లే తేల్చే ప్రాథమిక ఎన్నికలో, అంతకుముందు ఎవరూ లెక్కచేయని జేన్ బర్న్ ఆయన్ని ఓడించి, ఆ నగరానికి తొలి మహిళా మేయరయ్యారు.

ఇప్పుడు 2015 డిసెంబరు మొదటి వారాన్ని గుర్తుచేసుకోండి. మా అరుంబాక్కంలో కూవం పొంగి ఎంఎండీఏ కాలనీ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. బీరువా అడుగు అరలోని దస్తావేజులు, రేషను కార్డులు, పిల్లల మార్కుల జాబితాలు మిద్దెల మీద తాడు కట్టి, పేజీకొక క్లిప్పు పెట్టి ఆరబెట్టుకున్నారు. ఆ వారమంతా మిద్దెల మీదా పాల బూత్‌ల దగ్గరా నడిచిన వాదన ఒకటే: చెంబరంబాక్కం చెరువు తూములు ఎప్పుడు ఎత్తారు, ఎవరు ఎత్తమన్నారు, ముఖ్యమంత్రికి తెలుసా, ప్రజాపనుల శాఖ ముందే ఎందుకు చెప్పలేదు. మేయరు పేరు నేనెక్కడా వినలేదు. విచిత్రమేమిటంటే అప్పుడు నగరానికి ఉన్నది ప్రజలు నేరుగా ఓటేసి ఎన్నుకున్న మేయరే. 2011లో సైదై దురైసామి ప్రత్యక్ష ఎన్నికలో గెలిచి వచ్చారు. ఆయన్ని ఎవరూ అడగకపోవడం ఆయన వ్యక్తిగత లోపమని నేననను. వాననీటి కాలువలు కార్పొరేషనువి, మురుగు కాలువలు మెట్రో వాటర్‌వి, నదులు రాష్ట్ర ప్రభుత్వానివి, నగర ప్రణాళిక సీఎండీఏది, బస్సులు ఎంటీసీవి, పోలీసులు హోంశాఖవి. కార్పొరేషనులో మిగిలిన పనుల మీద కూడా కార్యనిర్వాహక అధికారం ప్రభుత్వం పంపే ఐఏఎస్ కమిషనరుది. హోదాకు గుర్తుగా వేసుకునే గొలుసు, అంగీ మాత్రం మేయరువి.

చెన్నైలో మేయరును ఎలా ఎన్నుకోవాలన్న వివాదం ఇప్పటిది కాదు. 1973లో కౌన్సిలు రద్దయ్యాక 23 ఏళ్ల పాటు ఎన్నికలే లేవు. నగరపాలక సంస్థలకు ఎన్నికలు తప్పనిసరి చేసిన 74వ రాజ్యాంగ సవరణ పుణ్యమా అని 1996లో జరిగినప్పుడు ఎం.కె.స్టాలిన్ నేరుగా ఎన్నికయ్యారు. 2001లోనూ గెలిచారు, అయితే అప్పటికి రాష్ట్రంలో అన్నాడీఎంకే ప్రభుత్వం వచ్చింది. ఒక మనిషి శాసనసభ్యుడుగానూ మేయరుగానూ ఉండరాదని 2002లో చట్టం తెచ్చారు, స్టాలిన్ మేయరు పదవి వదులుకోవలసి వచ్చింది. 2006లో డీఎంకే ప్రభుత్వం కార్పొరేటర్లే మేయరును ఎన్నుకునే పరోక్ష పద్ధతికి మార్చింది, 2011లో అన్నాడీఎంకే ప్రభుత్వం మళ్లీ ప్రత్యక్షమంది, 2022 నాటికి మళ్లీ పరోక్షమే. మేయరును ఎన్నుకునే విధానాన్ని రాష్ట్ర శాసనసభలకే వదిలేసిన రాజ్యాంగ నిబంధన అక్కరకొచ్చినప్పుడల్లా ఇలా ఉపయోగపడుతూ వచ్చింది. పార్టీల మధ్య ఈ ఒక్క విషయంలో మాత్రం రహస్య ఒప్పందమేదో ఉన్నట్టుంది: ఎన్నుకునే పద్ధతి ఎన్నిసార్లు మార్చినా, ఎన్నికైనవారికి పని అప్పగించే మాట ఎవరూ ఎత్తలేదు. తెలుగు రాష్ట్రాల పాఠకులకూ ఇది తెలిసిన బాగోతమే. 2002లో హైదరాబాదీయులు తీగల కృష్ణారెడ్డిని నేరుగా ఎన్నుకున్నారు, ఆ తర్వాత అక్కడా కార్పొరేటర్ల ఓటుకే మారింది.

ప్రత్యక్ష ఎన్నిక వద్దనేవారి వాదనలో పస లేదని కూడా అనలేను. మేయరు ఒక పార్టీ, కౌన్సిలు మరో పార్టీ అయితే తీర్మానాలు నడవవంటారు, అది నిజం. డబ్బున్నవాడే గెలుస్తాడంటారు. ఆ మాట సగమే నిజం. న్యూయార్కులో 2001లో ఖాళీ అయిన మేయరు పదవికి మైకేల్ బ్లూమ్‌బర్గ్ ఏడు కోట్ల డాలర్లకు పైగా సొంత డబ్బు గుమ్మరించి గెలిచారు. లాస్ ఏంజిలిస్‌లో 2022లో రిక్ కరూసో పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి కరెన్ బాస్ చేతిలో ఓడారు. నా వాదన ప్రత్యక్ష ఎన్నిక కోసం కాదు. నీళ్లు, కాలువలు, రోడ్లు, బడ్జెట్టు మీద మేయరుకు నిజమైన అధికారం ముందు రావాలి. అది వచ్చిన నాడు ఎన్నుకునే పద్ధతిని ఇష్టానుసారం మార్చడానికి ఏ ప్రభుత్వమూ ధైర్యం చేయదు, జనం ఊరుకోరు గనక.

అంతవరకు చేయగలిగింది ఏమీ లేదా అంటే ఉంది, దానికి చట్టం మార్చనక్కర్లేదు. 2022లో ఏం జరిగిందో చూడండి. చెన్నై మేయరు పదవి షెడ్యూల్డు కులాల మహిళకు రిజర్వు అయిందని జనవరిలోనే తెలుసు. జనవరి 26న ఎన్నికల ప్రకటన వచ్చింది, ఫిబ్రవరి 4తో నామినేషన్ల గడువు ముగిసింది, 19న పోలింగు, 22న లెక్కింపు. గెలిచిన పార్టీ తన మేయరు అభ్యర్థి పేరు చెప్పింది మార్చి 3న, మరునాడే ఆర్. ప్రియ మేయరయ్యారు. ఇరవై ఎనిమిదేళ్ల దళిత మహిళ రిపన్ బిల్డింగులో మేయరు కుర్చీలో కూర్చోవడం చరిత్రే, అందుకు నాకు సంతోషమే. కాని అరవై లక్షలకు మించిన జనాభా ఉన్న నగరంలో, 200 వార్డుల్లో ఓటేసిన ఏ ఒక్కరికీ ఓటేసేటప్పుడు మేయరు ఎవరవుతారో తెలియదు, కాబట్టి ఆమెను ఒక్క ప్రశ్నయినా అడిగే అవకాశం కలగలేదు. కుర్చీ ఖాళీ అవుతుందని తెలిశాక షికాగోవారికి అయిదున్నర నెలలు దొరికితే మనకు ఒక్క రోజు దొరికింది, అదీ ఓటేసేశాక. పరోక్ష పద్ధతిలో కూడా పార్టీలు తమ మేయరు అభ్యర్థిని పోలింగుకు ముందే ప్రకటించవచ్చు. శాసనసభ ఎన్నికల్లో ముఖ్యమంత్రి అభ్యర్థిని గోడగోడకూ అతికించే పార్టీలకు ఇది చేతకాని పని కాదు.

ఇంకో చిన్న సంగతి. మా మేనకోడలి కుటుంబం నేపర్‌విల్‌లో ఉంటుంది. షికాగో తెలుగువాళ్లమని చెప్పుకుంటారు గాని, నేపర్‌విల్ వేరే నగరం కనక షికాగో మేయరు ఎన్నికలో వారికి ఓటు లేదు. అక్కడి మనవాళ్లలో చాలామంది శివార్లవాళ్లే. ఇక్కడ తాంబరం, ఆవడి కూడా వేరే కార్పొరేషన్లయ్యాయి. ఉద్యోగం అన్నాశాలైలో, ఇల్లు ఆవడిలో ఉన్న తెలుగువారు రోజంతా తిరిగే నగరానికి మేయరు ఎవరైనా వారికి ఓటుండదు. ఈ ఇబ్బంది ఇక్కడా అక్కడా ఒకటే, దీనికి నా దగ్గర మందు లేదు.

ప్రస్తుత చెన్నై కౌన్సిలు అయిదేళ్ల గడువు 2027 ఆరంభంలో ముగుస్తుంది. షికాగో మేయరు ఎన్నిక కూడా 2027 ఫిబ్రవరిలోనే. రెండూ ఒకే కాలంలో రావడం మీ విలేకరులకు మంచి అవకాశం. అక్కడి అభ్యర్థుల వార్త రాసేటప్పుడు వంశవృక్షంతో ఆపకుండా, బడ్జెట్టు లోటు గురించి, పోలీసుల గురించి, బడుల గురించి వారు ఏమన్నారో కూడా రాయించండి. ఇక్కడ మాత్రం నామినేషన్ల దాకా ఆగితే చేతిలో మిగిలేది మూడు వారాలే. ఇప్పటినుంచే ప్రతి పార్టీ చెన్నై కార్యాలయానికీ వెళ్లి మీ మేయరు అభ్యర్థిని ఎప్పుడు ప్రకటిస్తారని అడగమనండి, చెప్పనన్నవారి పేర్లు కూడా అచ్చువేయండి. ప్రకటించినవారిని అడగడానికి చూలై నుంచి వ్యాసర్పాడి దాకా తెలుగువారి ప్రశ్నలు చాలానే ఉన్నాయి: వాననీటి కాలువల పూడిక ఏ నెలలో తీస్తారు, కార్పొరేషను బడుల్లో తెలుగు చదువు సంగతి ఏమిటి, ఆస్తిపన్ను పెంచితే ఆ డబ్బు ఏ వార్డులో ఎంత ఖర్చయిందో ఎక్కడ చూపిస్తారు. జవాబులను వారి సంతకంతో తీసుకుని, పోలింగుకు వారం ముందు మీ చెన్నై పేజీలో పక్కపక్కనే వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
అరుంబాక్కం, చెన్నై.